రెల్లు బద్ద, ఇత్తడి గొట్టం

అడాల్ఫ్ సాక్స్ 1814 నవంబరు 6న మ్యూజ్ నది ఒడ్డున దినాన్ పట్టణంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడున్న బెల్జియం అనే దేశం అప్పటికి ఏర్పడనేలేదు. ఆ ఊరు మధ్యయుగాల నుంచీ రాగి, ఇత్తడి పనికి పేరుపడింది. తండ్రి షార్ల్ జోసెఫ్ సాక్స్ వాద్యాలు తయారుచేసేవాడు, తర్వాత కాపురం బ్రస్సెల్స్‌కు మార్చాడు. కొడుకు పని నేర్చింది తండ్రి కార్ఖానాలోనే, ఫ్లూట్, క్లారినెట్ నేర్చింది బ్రస్సెల్స్ సంగీత విద్యాలయంలో. తాను చేసిన వాద్యాన్ని తానే సభలో ఊది మెప్పించగలగడం తర్వాతి రోజుల్లో అతనికి ఏ సిఫారసు ఉత్తరం కన్నా ఎక్కువ అక్కరకొచ్చింది.

1838లో మంద్రస్థాయి క్లారినెట్‌ను సంస్కరించి పేటెంటు పుచ్చుకున్నాడు. బ్రస్సెల్స్ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు అతని పనిని మెచ్చుకున్నా, వయసు చాలదని బంగారు పతకం ఇవ్వలేదు. 1842లో సాక్స్ పారిస్ చేరాడు. చేతిలో చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. ఆ ఏడు జూన్‌లో స్వరకర్త బెర్లియోజ్ ఒక ప్రముఖ దినపత్రికలో అతని వాద్యాలను పొగుడుతూ వ్యాసం రాశాడు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఇంతకన్నా మంచి స్వాగతం ఉండదు. శత్రువులు తయారవడానికీ అదే నాంది.

సాక్స్ మీద పారిస్ వాద్య తయారీదారుల కోపానికి అతని బెల్జియం పుట్టుక సాకు మాత్రమే. అసలు కారణం సైన్యం. ఫ్రెంచి సైనిక బ్యాండ్ల నాదం ఆరుబయట పేలవంగా వినిపిస్తోందన్న విమర్శ ఉండేది. 1845 ఏప్రిల్ 22న షాంప్ ద మార్స్ మైదానంలో పాత పద్ధతి బ్యాండుకూ, సాక్స్ కూర్చిన బ్యాండుకూ వేలమంది ఎదుట పోటీ జరిగింది. అతను తయారుచేసిన సాక్స్‌హార్న్ అనే ఇత్తడి వాద్యాలు పాత వాద్యాలను ముంచెత్తాయి. ఆ ఏడాదే వచ్చిన ఉత్తర్వుతో సైనిక బ్యాండ్లలో సాక్స్ వాద్యాలకు చోటు దొరికింది. దేశంలోని పటాలాలకు సరుకు అందించే వ్యాపారం ఒక పరదేశి చేతికి పోవడం స్థానిక కార్ఖానాదారులకు మింగుడుపడలేదు. అందరూ జట్టుకట్టి కోర్టుకెక్కారు.

ఈ గొడవల నడుమే 1846 జూన్ 28న సాక్సోఫోన్‌కు పేటెంటు వచ్చింది. క్లారినెట్‌లో రీడ్ అనే ఒంటి రెల్లు బద్ద ఉంటుంది, గొట్టం మాత్రం దాదాపు పొడవునా ఒకే వెడల్పు. దాన్ని పై స్వరాలకు ఊదితే స్థాయి రెట్టింపు కాదు. ఆధార షడ్జం నుంచి తిన్నగా పై స్థాయి పంచమానికి దూకుతుంది. అందుకే రెండు స్థాయిలకూ వేళ్ల అమరిక వేరు. సాక్స్ ఆ రెల్లు బద్దనే నోటి దగ్గర ఉంచి, కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యే ఇత్తడి గొట్టానికి తగిలించాడు. శంకువు ఆకారం వల్ల షడ్జం పై షడ్జానికే చేరుతుంది, ఒకే వేళ్ల అమరిక రెండు స్థాయిలకూ సరిపోతుంది. ఇత్తడితో చేసినా ఇది చెక్క వాద్యాల కుటుంబానికే చెందుతుంది. ఊదేవాడి పెదవులు కాదు, రెల్లు బద్ద కంపించి నాదం పుట్టిస్తుంది కనుక. నాదగుణాన్ని నిర్ణయించేది గొట్టం లోపలి గాలి కొలతలే గాని గొట్టం చేసిన పదార్థం కాదని సాక్స్ వాదించేవాడు. వాద్యకారులకు తేలిగ్గా ఒప్పుకోబుద్ధి కాని మాట ఇది. మందగొంతు నుంచి కీచుగొంతు దాకా మొత్తం కుటుంబాన్నే అతను ఊహించాడు.

ప్రత్యర్థులు సాక్సోఫోన్‌లో కొత్తదనం లేదని వాదించారు. వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. 1848 విప్లవంతో బ్యాండ్ల ఉత్తర్వు రద్దయింది. 1852లో సాక్స్ దివాలా తీశాడు. మూడో నెపోలియన్ ఏలుబడిలో మళ్లీ ఆదరణ దొరికింది. 1857 నుంచి పారిస్ సంగీత విద్యాలయంలో సైనిక వాద్యకారులకు సాక్సోఫోన్ నేర్పాడు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చాక ఆ తరగతి ఆగిపోయింది. పేటెంటు గడువు 1866లోనే తీరింది. 1873లో, 1877లో మళ్లీ దివాలాలు. ఎన్నో ఏళ్లుగా పోగుచేసుకున్న వాద్యాల సంపదను వేలంలో పోగొట్టుకున్నాడు. కోర్టుల్లో గెలిచిన తీర్పులు అప్పుల ముందు నిలవలేదు. 1894 ఫిబ్రవరిలో పారిస్‌లో చనిపోయాడు, మోన్‌మార్త్ శ్మశానంలో సమాధి ఉంది.

సింఫనీ వాద్యబృందంలో సాక్సోఫోన్‌కు స్థిరమైన కుర్చీ దొరకలేదు. బిజే వంటి ఒకరిద్దరు స్వరకర్తలు మాత్రం అక్కడక్కడ వాడుకున్నారు. 19వ శతాబ్దం చివర అమెరికాలోని ఎల్క్‌హార్ట్ పట్టణంలో దీని తయారీ మొదలైంది. అక్కడి నుంచి బ్యాండ్లకు, బ్యాండ్ల నుంచి జాజ్ సంగీతానికి చేరింది. కోల్‌మన్ హాకిన్స్, చార్లీ పార్కర్ చేతుల్లో, పటాలం కోసం పుట్టిన వాద్యం ఏకాంత గళమైంది.

మన దక్షిణాదిలో దీన్ని కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించినవాడు కద్రి గోపాల్‌నాథ్. దక్షిణ కన్నడ జిల్లాలో నాగస్వర విద్వాంసుడి ఇంట పుట్టాడు, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నాడు. మీటలు నొక్కితే విడివిడి స్వరాలు పలికే వాద్యం మీద గమకం పట్టడానికి ఏళ్లు పట్టింది. వాద్యంలోనే మార్పులు చేసుకోవలసి వచ్చింది. కర్ణాటక కచేరీ కృతుల్లో పెద్ద పాలు తెలుగువే. త్యాగరాజు కీర్తనలు అలా దినాన్ ఇత్తడిపనివాడి గొట్టంలోంచి పలికాయి. గోపాల్‌నాథ్ లండన్‌లోని బీబీసీ ప్రామ్స్ వేదిక మీద వాయించింది 1994లో, సాక్స్ పోయిన నూరేళ్లకు.