స్ట్రెచర్ తోస్తే క్లినికల్ అయితదా?

పోయిన నెల హన్మకొండ బస్టాండు పక్కన టీ కొట్టుకాడ ఒక మాదిగ పిల్లగాడు కలిసిండు. పర్వతగిరి దిక్కు ఊరు. తల్లీదండ్రీ పత్తి ఏరే కూలీలు. ఇంటర్ బైపీసీ పాసై డీఎంఐటీలో, అంటే ఎక్స్‌రే, స్కానింగుల రెండేళ్ల డిప్లొమాలో చేరిండు. రెండో ఏడు సగమయింది. "ఇప్పటిదాకా నీ చేత్తోని ఎన్ని ఛాతీ ఎక్స్‌రేలు తీసినవు బిడ్డా?" అని అడిగినం. "ఒక్కటి గూడ తియ్యలే అన్నా. స్ట్రెచర్ తోస్త. కవర్ల మీద పేర్లు రాస్త. ముసలోళ్లు కదులుతున్నరు పట్టుకో అంటే పట్టుకుంట" అన్నడు. పట్టుకునేటప్పుడు సీసం ఏప్రన్ ఇస్తరా? ఇయ్యరు. బ్యాడ్జి? అది సారుకే ఉంటదట. లాగ్‌బుక్కు మాత్రం నిండింది. చెయ్యని కేసులు చేసినట్టు వరసగా సంతకాలు.

ఆ సెంటరు పేరు రాస్తలేం. రాస్తే ఆ పిల్లగాని సర్టిఫికెట్టు ఆగుతది.

"బటన్ నొక్కుడే గదా, దానికి ఇంత రాద్ధాంతమెందుకు" అనేటోళ్లున్నరు. వాళ్లు ఎప్పుడన్నా క్వారీ కూలోని ఛాతీ ఫిలిం చూసిండ్రా? మనిషిని ఛాతీ ప్లేటుకు ఆనించి నిలబెట్టాలె. గొట్టం ఆరడుగుల దూరంల ఉండాలె. గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు వంచి, భుజం రెక్కలు ఊపిరితిత్తుల మీదికి రాకుండ చూడాలె. నిండా గాలి పీల్చి బిగబట్టు అని ఆయనకు తెలిసే మాటల్ల చెప్పాలె. సగం గాలితో తీస్తే గుండె ఉన్నదానికంటె పెద్దగ కనబడతది, ఊపిరితిత్తుల అడుగుభాగం మసకబారతది. మనిషి కొంచెం పక్కకు తిరిగినా ఒక దిక్కు తెల్లగ, ఒక దిక్కు నల్లగ వస్తది. కుడి ఎడమల గుర్తు తప్పితే మంచిగున్న కాలికి కోత పడే ప్రమాదముంది. ఇవన్ని పుస్తకంల ఉన్నయి. కానీ దగ్గుతో నిలబడలేని మనిషిని నిలబెట్టుడు పుస్తకం చదివితే రాదు.

రాతిదుమ్ము తిని రొమ్ము పాడైనోనికి నష్టపరిహారం రావాలంటే మొదటి సాక్ష్యం ఆ ఫిలిమే. క్షయ సంగతీ అంతే. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో మోసుకుపోయే ఎక్స్‌రే యంత్రాలను ఊర్లకు తెచ్చిండ్రు. యంత్రం మన వాడకొచ్చినా, పట్టేటోనికి పని రాకపోతే మనోళ్ల రోగం ఫిలింల కనబడదు. అంటే ఈ పిల్లగాని చదువు ఆయన ఒక్కని చదువు కాదు, ఆయన ఊరి మనుషుల ఊపిరి గూడ అందులనే ఉన్నది.

ఇగ పట్టుకునే సంగతి. భయపెట్టాలని రాస్తలేం. ఒక్క ఛాతీ ఎక్స్‌రేలో రోగి ఒంటి మీద పడేది 0.1 మిల్లీసీవర్ట్ గూడ ఉండదు. కానీ రోగికి అది ఒక్కసారి, రోజూ పట్టుకునేటోనికి రోజూ. రోగిని పట్టుకోక తప్పనప్పుడు వెంట వచ్చిన బంధువుకు ఏప్రన్ కట్టి పట్టుకోమనాలె. ఒకే మనిషిని మళ్లమళ్ల పట్టుకోమనగూడదు. గొట్టానికి రెండింతలు దూరం జరిగితే పడే కిరణాలు నాలుగో వంతుకు తగ్గుతయి. ఈ లెక్క చెప్పకుండనే పిల్లగాన్ని గొట్టం కిందికి తోలుడు ఏం శిక్షణ?

ఇది కొత్త కత గాదు. అమెరికాలో ఎడిసన్ ఎక్స్‌రే ప్రయోగాలు చేసినప్పుడు కిరణాల కింద చేతులు పెట్టింది ఆయన సహాయకుడు క్లారెన్స్ డాలీ. పుండ్లు పడి చేతులు తీసేసిండ్రు, 1904లో చచ్చిపోయిండు. ఎడిసన్ భయపడి ఆ పని మానుకున్నడు, ఇంకా చాలా ఏండ్లు బతికిండు. అందరికీ తెలిసింది ఎడిసన్ పేరే.

మన దగ్గర చట్టం లేక కాదు. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలున్నయి. అణుశక్తి నియంత్రణ బోర్డు లెక్క ప్రకారం పనివానికి ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటగూడదు. 18 నిండనోళ్లను ఈ పనిల పెట్టగూడదు. 16 దాటిన శిక్షణ పిల్లలకు ఏడాదికి 6. ఎంత పడ్డదో తెలిసేది టీఎల్‌డీ బ్యాడ్జితోనే. ఒకరి బ్యాడ్జి ఇంకొకరు పెట్టుకునేది కాదు. మూడు నెలలకోసారి పరీక్షకు పోయి లెక్క తిరిగొస్తది. బ్యాడ్జి లేని పిల్లగానికి ఎంత పడ్డదో రేపు ఎవరు చెప్తరు? 2021ల వచ్చిన అలైడ్ హెల్త్ చట్టం 2000 గంటలకు తక్కువ కాని చదువుండాలన్నది. అందులో ఎన్ని గంటలు స్ట్రెచర్ కాడ పోతున్నయో అడగాల్సింది మనమే.

వరంగల్లు ఏమన్న ఆస్పత్రి లేని ఊరా? 1959ల పుట్టిన కాకతీయ మెడికల్ కాలేజి, దాని కింద ఎంజీఎం, కాళోజీ పేరు మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇక్కడనే ఉన్నయి. చేతులు తిరిగేటన్ని కేసులున్నయి. కానీ సొంత ఆస్పత్రి లేని ప్రైవేటు కాలేజి ఎక్కడిదో ఒప్పంద కాగితం చూపిస్తది, ఫీజు రీయింబర్స్‌మెంటు సర్కారు నుంచి రాబట్టుకుంటది, పిల్లల్ని ఏదో సెంటర్ల వదిలేస్తది. ఆ సెంటర్ల టెక్నీషియన్ను తిట్టి లాభం లేదు. ఆయనా కాంట్రాక్టోడే, బయట యాభై మంది లైన్ల ఉంటే నేర్పేదెప్పుడు? నేర్పేటోనికి గంటలు, జీతం లెక్కగట్టాల్సింది కాలేజి.

ఆస్పత్రుల్ల ఊడ్చుడు, మురికెత్తుడు, శవాల గదికాడ కావలుండుడు మనోళ్లకు రాసిపెట్టినట్టే వచ్చింది. రేడియోగ్రాఫర్ పని వేరు. ఊర్ల ఎవని గడప తొక్కనియ్యలేదో ఆయన భుజం పట్టి ప్లేటుకు ఆనించే పని అది. అందుకే మన తల్లిదండ్రులు అప్పుజేసి ఆ కోర్సుల చేర్పించిండ్రు. ఆ గదిల గూడ మనోనికి తోసుడు, మోసుడే మిగిలితే, తెల్లకోటు తొడిగిన వెట్టి అనక ఏమనాలె?

సంఘం కార్యకర్తలు ఒక పని చెయ్యాలె. మీ మండలంల డీఎంఐటీ చదివే పిల్లలు ఎంతమందో రాసుకోండి. బ్యాడ్జి ఎవరి పేరు మీదున్నది, లాగ్‌బుక్కుల కేసులు నిజంగ చేసినవేనా, ఎవరు పక్కన నిలబడి నేర్పిండ్రు అని ఒక్కొక్కరిని అడగండి. పిల్లల పేర్లు బయటికి రానియ్యకండి. ఆ లెక్క పట్టుకొని మొదట ప్రిన్సిపాలు కాడికి, ఆయన కదలకపోతే పారామెడికల్ బోర్డుకు దరఖాస్తు పెడదాం. దరఖాస్తుల మొదటి డిమాండు ఒక్కటే: పరీక్ష ఫీజు కట్టించుకునే ముందు ప్రతి విద్యార్థికీ సొంత బ్యాడ్జి చేతికియ్యాలె.