ఖాళీ కంచం

క్రిస్మస్ ముందు రాత్రి పోలండ్ ఇళ్లలో భోజనాల బల్ల మీద ఒక కంచం అదనంగా పెడతారు. అనుకోకుండా వచ్చే అతిథి కోసం. అక్కడ బతుకుతున్న మనవాళ్ల అనుభవాలతో ఈ సంచిక కూరుస్తున్నంతసేపూ ఆ కంచమే నా కళ్లముందు మెదిలింది.

ఆ దేశంలో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, భాష పట్టుబడటం మరో ఎత్తు. పోలిష్‌లో ఏడు విభక్తులు. మనుషుల పేర్లు కూడా వాటితో మారిపోతాయి. మారెక్‌ను పిలిస్తే ‘మార్కు’, ఎవాను పిలిస్తే ‘ఎవో’. రాముణ్ణి ‘రామా’ అని పిలుచుకునే మనకు ఇదేమీ కొత్త కాదు. ఇష్టపడిన మనిషిని వాళ్ల భాషలో, వాళ్ల తీరులో పిలవగలిగిన రోజే అక్కడి ప్రేమ నిలబడుతుందని నా నమ్మకం.

అనుకోని అతిథికి అలాంటి కంచం ఒకప్పుడు మన నేల మీదా పెట్టారు. 1942లో, యుద్ధంలో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పోలిష్ పిల్లలను నవానగర్ జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గరి బాలాచడిలో చేరదీశారు. వార్సాలో ఆయన గుర్తుగా ‘మంచి మహారాజు’ పేరున ఒక చిన్న పార్కు ఉంది. చదువుకో, కొలువుకో అక్కడికి వెళ్లే పిల్లలూ, ఆ చోటు ఒక్కసారి చూసి రండి.