తాతగారి కత్తికి తొలి సాన

అటక మీది ట్రంకుపెట్టెలో, పాత పంచాంగాల అడుగున ఓ మడతకత్తి దొరికిందనుకుందాం. కొమ్ముతో చేసిన పిడి, చివర తోకలాంటి వంపు, దాని పక్కనే మసకబారిన అక్షరాలు... షెఫీల్డ్ అనో, సోలింజెన్ అనో. మనవడు దాన్ని శుభ్రంగా తుడుస్తాడు. అద్దం ముందు నిలబడి బుగ్గలకు నురగ పట్టించి ఓ గీత గీసి చూస్తాడు. వెంట్రుక తెగదు. పీకినట్టవుతుంది. ఒకటే మంట! 'తాతయ్య రోజూ దీంతోనే గీసుకునేవాడా' అని ఆశ్చర్యపోతాడు.

దీంతోనే. కాకపోతే గీసుకునే ముందు తోలు మీద ఆడించేవాడు. అదీ చాలకపోతే రాయి మీద నూరేవాడు. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఇంట్లోనే కాదు, వీధి చివర సెలూన్లోనూ దొరకడం కష్టం. కింగ్ క్యాంప్ జిల్లెట్ కంపెనీ 1903లో, అమ్మకాల తొలి ఏడాది, అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లే. ఆ తర్వాత ప్రపంచం మొత్తం ఆ దారే పట్టింది. మన సెలూన్లలో మాత్రం నూరే కత్తి చాలాకాలం నిలిచింది. 1986లో దేశంలో తొలి హెచ్ఐవీ కేసులు బయటపడ్డాక ఒకే కత్తితో అందరికీ గీయడమంటే జనానికి భయం పట్టుకుంది. బ్లేడును సగానికి విరిచి బిగించే కత్తులు వచ్చేశాయి. తిరుమల కల్యాణకట్టలోనూ కత్తికి బిగించేది బ్లేడే. మార్పు మంచిదే. కానీ కత్తితోపాటే రాయీ పోయింది, రాయి పట్టే చెయ్యీ పోయింది.

అందుకే మనవడికి వచ్చే మొదటి ఆలోచన... వీధిలో చక్రం తిప్పుతూ కత్తులు సానపెట్టేవాణ్ని పిలవడం. ఆ ఒక్క పనీ చేయకూడదు! గిర్రున తిరిగే చక్రానికి తగిలితే కాగితంలా పల్చనైన ఆ వాదర క్షణాల్లో వేడెక్కి, ఉక్కు గట్టితనం పోతుంది. పోయిన ఉక్కు మళ్లీ రాదు. కూరగాయల కత్తి పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. తాతగారి కత్తి ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

నిజానికి నూరడంలో కష్టమైన పనిని దాన్ని తయారుచేసినవాడే సగం చేసిపెట్టాడు. వంటింటి కత్తిని ఏ వాలులో పట్టుకోవాలో చెయ్యే చూసుకోవాలి. మంగలికత్తికి ఆ బాధ లేదు. వెన్ను లావుగా, వాదర పల్చగా ఉంటుంది కదా, రెండింటినీ కలిపి రాతికి ఆనిస్తే చాలు. వాలు దానంతటదే కుదురుతుంది. మామూలుగా వాడే అంగుళంలో ఎనిమిదో వంతులు అయిదున్న కత్తికి అది ఇంచుమించు 16, 17 డిగ్రీలు. వెన్ను ఎత్తారా, చెడిందన్నమాటే.

ముందు రాయి సంగతి. నూరి నూరి మధ్యలో గుంటపడిన రాయి పనికిరాదు. దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, గాజుపలక మీద పరిచిన గరుకు కాగితంపై నీళ్లు పోస్తూ రుద్దాలి. గళ్లన్నీ చెరిగిపోతే రాయి చదునైనట్టు. ఇక రాళ్ల నంబర్లు. 1000 అంటే గరుకు, 8000 అంటే దాదాపు గాజంత నునుపు. మధ్యలో 4000 ఒకటి. ఒకదాని గీతల్ని మరొకటి చెరుపుకుంటూ పోతుంది. బెల్జియంలోని ఆర్డెన్స్ కొండల్లో దొరికే కోటిక్యూల్ అనే పసుపుపచ్చ రాయంటే తెలిసినవాళ్లు ప్రాణం పెడతారు. అందులో కంటికి కనిపించని గార్నెట్ రేణువులుంటాయి, కోసేది అవే. మొదటిసారికి అంత హంగు అక్కర్లేదు.

ఇంతకీ 1000 రాయి జోలికి వెళ్లాలా వద్దా? వాదర మీద పెచ్చులు లేకపోతే వెళ్లకపోవడమే మేలు. చాలా కత్తులు 8000 రాయికి, తోలుకే లొంగుతాయి. తుప్పు వాదర దాకా తినేసినా, సన్నటి పగులు కనిపించినా ఆశ వదులుకుని అలమారాలో పెట్టుకోవాలి. చెయ్యి కుదిరేదాకా చవగ్గా దొరికే పాత కత్తి మీద సాధన చేస్తే తాతగారి కత్తి బతుకుతుంది.

రాయి తడిపి, కత్తి ఆనించి, వాదర ముందు నడిచేలా తోయాలి... రాతి మీంచి సన్నటి పొర కోస్తున్నట్టు. కత్తి పొడవు రాతి వెడల్పు కన్నా ఎక్కువ కాబట్టి, తోస్తూనే మడమ నుంచి కొస దాకా ఏటవాలుగా లాగాలి. చివర్లో తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. వాదర మీద దొర్లిస్తే అప్పటిదాకా చేసిందంతా వృథా.

కొత్తవాళ్లంతా చేసే పొరపాటు ఒకటుంది. నొక్కడం! పదును రావాలంటే బలం పెట్టాలనుకుంటారు. బోలుగా చెక్కిన కత్తిరేకు నొక్కగానే వంగుతుంది, రాయి వాదరను వదిలేసి వెనక భాగాన్ని తింటుంది. కత్తి బరువే చాలు. అనుమానమొస్తే వాదర పొడవునా మార్కర్‌తో నల్లగా రాసి రెండుసార్లు తోసి చూడాలి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలడం లేదన్నమాట. చాలామందికి కత్తిలో ఉన్న వంకర తెలిసేది ఇక్కడే. దీపం కింద వాదరను నిలువుగా పట్టుకుని చూడటం ఇంకో పద్ధతి. మొద్దుబారిన చోట వెలుగు తళుక్కుమంటుంది. పదునెక్కిన చోట ఏమీ కనిపించదు.

గడ్డం వెంట్రుక ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తన. అలాంటిది ఉక్కును ఎలా మొద్దుబారుస్తుంది? అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద గెడ్డం గీయించి మరీ చూశారు. 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన వాళ్ల అధ్యయనం ప్రకారం వాదర అరిగిపోవడమొక్కటే కాదు, పెచ్చులూడుతుంది. వెంట్రుక వంగి పక్కనుంచి తగిలినప్పుడు, ఉక్కులో ఎక్కడ గట్టిదనం ఒకేలా లేకపోతే అక్కడ చిట్లుతుంది. నురగ బాగా పట్టించి, వెంట్రుకలు నానాకే గీయమని పాత క్షురకులు చెప్పే మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

రాయి పని అయ్యాక తోలు పట్టీ. ఇక్కడ నడక తలకిందులు... వెన్ను ముందు, వాదర వెనక. అలవాటు కొద్దీ వాదరను ముందుకు తోశారో పట్టీ తెగుతుంది, పదునూ పోతుంది. పట్టీని బిగుతుగా లాగిపట్టుకుని ఓ 50 సార్లు ఇటూ అటూ ఆడిస్తే సరి. పాత సెలూన్లలో అరచేతి మీదే టపటపలాడించేవారు. చూడ్డానికి భలే ఉండేది. మనవడు మాత్రం ఆ విద్య ప్రయత్నించకపోవడమే అతని చేతికి క్షేమం!

చివరి పరీక్షకు తలవెంట్రుక ఒకటి పీకి, వేలాడదీసి వాదరకు తాకించాలి. టప్పున తెగిందా, గీసుకోవచ్చు. జారిపోయిందా, మళ్లీ 8000 రాయి. తొలిసారి ఒక చోట తెగి ఇంకో చోట జారడం మామూలే.

తొలి గీత బుగ్గ మీదే. గడ్డం మొన, గొంతు ఆ రోజుకు వద్దు. ఒక చేత్తో చర్మం బిగలాగి, కత్తిని 30 డిగ్రీల వాలులో పట్టి వెంట్రుకల వరస వెంబడే దించాలి. సరిగ్గా నూరి ఉంటే లాగినట్టుండదు, సన్నటి కరకర ఒకటే వినిపిస్తుంది. అయిపోగానే తుడిచి, ఆరబెట్టి, ఓ చుక్క నూనె రాయాలి. ఇంట్లోవాళ్లయినా సరే, ఇంకొకరికి ఇవ్వకూడదు.

కుడిచేత్తో కుడి బుగ్గ నున్నగా వచ్చేసింది. ఎడమ బుగ్గకు మామూలుగా ఎడమ చెయ్యే వాడతారు. మనవడికి ఆ చేత్తో దువ్వుకోవడమే రాదు. సాయంత్రం పెళ్లికి వెళ్లాలి. చొక్కా వేసుకుని వీధి చివరి సెలూన్‌కు బయల్దేరాడు... ఒక బుగ్గకు ఎంత తీసుకుంటారో కనుక్కుందామని.