ఉయెనో: పూల వెనుక కథ

టోక్యోలోని ఉయెనో పార్కును ఒక్కసారి చూస్తే చూసినట్టు కాదు. వసంతంలో చెర్రీ చెట్ల కింద పట్టాలు పరిచి కుటుంబాలు, ఆఫీసు బృందాలు విందులు చేసుకుంటాయి. పూలు నిలిచేది వారం పది రోజులే. వేసవిలో షినోబజు కొలను తామరలతో నిండిపోతుంది. అవి విచ్చేది పొద్దున్నే కాబట్టి ఆలస్యంగా లేచేవారికి దక్కవు. శరత్తు చివర్లో గింకో ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. జనవరిలో తోషోగు మందిరం తోటలో పియోనీలు గడ్డి గొడుగుల కింద పూస్తాయి.

ఇంత అందమూ వెలసింది యుద్ధభూమి మీద. 1868లో షోగన్ పక్షీయులు, చక్రవర్తి సేనలు ఇక్కడే తలపడ్డారు. కనేయిజి ఆలయం చాలా భాగం కాలిపోయింది. ఆ స్థలమే 1873లో ప్రజల పార్కు అయింది. యుద్ధం మళ్లీ వచ్చింది. బాంబు దాడుల్లో తప్పించుకుంటాయన్న భయంతో 1943లో ఇక్కడి జూలోని మూడు ఏనుగులను పస్తులుంచి చంపారు. శాంతి వచ్చాక ఏనుగు కావాలంటూ టోక్యో పిల్లలు నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన ఓ ఏనుగును, తన కూతురి పేరు పెట్టి మరీ పంపారు. ఆ 'ఇందిర' 1983లో చనిపోయేదాకా టోక్యో పిల్లల నేస్తమే.