మెతుకు పరీక్షా, కుండ పరీక్షా?

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మరి కుండ కొనేటప్పుడు? ఒక కుండని తట్టి చూసి, పక్కదాన్ని ఇంటికి తెచ్చుకుంటామా? తెచ్చుకునేదాన్నే తట్టి చూస్తాం కదా!

ఈ గోలంతా ఎందుకంటే, 2021 మేలో నాన్న కోవిడ్ తగ్గి ఆస్పత్రి నుంచి వచ్చాక, ఇంట్లోకి కొత్త ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కొన్నాం. మూడో రోజు అర్ధరాత్రి ఆగిపోయింది. పక్కవీధిలో ఎవరిదో సిలిండర్ దొరకబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ వణుకే. మెకానిక్ విప్పి చూసి, బోర్డు మీద ఒకచోట డ్రై సోల్డర్ అన్నాడు. అమ్మినాయన మాత్రం తాపీగా "వారంటీ ఉందిగా సార్, మార్చిస్తాం" అన్నాడు. పెట్టె మీద సర్టిఫికెట్ ముద్రలకేం కొదవ లేదు.

ఆ ముద్రలు మెతుకు పరీక్షవి. కొన్ని శాంపిళ్ళని వేడిలో, చలిలో, తేమలో పెట్టి, కుదిపి చూస్తారు. దాంతో డిజైన్ బావుందని తెలుస్తుంది. నా ఇంటికొచ్చిన పీసుకి టంకం సరిగా పడిందో లేదో తెలియదు. మేం రాసే సాఫ్ట్‌వేర్‌కి ఈ బాధ లేదు, ఏ కాపీ అయినా ఒకటే. వస్తువు అలా కాదు, ప్రతి పీసూ వేరే పుట్టుకే. ఫ్యాక్టరీలో ఆన్ చేసి చూస్తారు కదా అంటారా? డ్రై సోల్డర్ ఆ ఐదు నిమిషాలూ బుద్ధిగానే ఉండొచ్చు!

అందుకే కుండ పరీక్ష కూడా ఉంది. దాన్ని స్ట్రెస్ స్క్రీనింగ్ అంటారు. తయారైన ప్రతి పీసునీ వేడిలో, చలిలో మార్చి మార్చి పెట్టి, వైబ్రేషన్ టేబుల్ మీద కుదుపుతారు. వేడికి బోర్డు ఒకలా, చిప్పు ఒకలా సాగుతాయి. సరిగా అతకని టంకం అక్కడే బయటపడుతుంది. మంచి పీసు దెబ్బతినకుండా ఎంత వేడి, ఎంత కుదుపు అన్నది ముందే లెక్కేసుకుంటారు. ఇదేం కొత్త విద్య కాదు, అమెరికా నేవీ 1979లోనే దీనిమీద మార్గదర్శకాలు అచ్చేసింది.

ఖర్చవుతుంది, నిజమే. 20 రూపాయల బొమ్మకి ఎవరూ అడగరు. ఊపిరికి ఆధారమైన యంత్రానికి అడగొద్దూ? వారంటీలో మిషనైతే మార్చిస్తారు, మనిషిని తెచ్చిస్తారా? ఫ్యాక్టరీలో జరగని స్క్రీనింగ్ చివరికి మన ఇంట్లో, మనవాళ్ళ మీద జరుగుతుంది.

అందుకని ఈసారి ఇలాంటిదేమైనా కొనేటప్పుడు "సర్టిఫికెట్ ఉందా?" అని అడిగి ఊరుకోకండి. "ఇదిగో, ఈ పీసుని తట్టి చూశారా?" అని కూడా అడగండి.