కంజి కుండకు వాకిలి మూస్తామా?



పక్క వీధి మసీదులో మరమ్మతు జరుగుతోంది. రంజాన్ నెలంతా సాయంత్రం ఒక గంట మన హాలు వరండాలో నోంబు కంజి పంచుకుంటామని జమాత్ పెద్దలు అడిగారు. "ఇది తెలుగు సంఘం, ఉర్దూవాళ్ళ పండుగతో మనకేం పని?" అని కమిటీలో కొందరు అడ్డం చెప్పారు. మాకు ఆ మాట మింగుడుపడలేదు.

ఉర్దూవాళ్ళ పండుగ అన్నదే తప్పు. ఆంబూరు, వాణియంబాడి వైపు ఉర్దూ వినిపిస్తుంది, నిజమే. కానీ రావుత్తర్లు, మరక్కాయర్లు ఇంట్లో మాట్లాడేది అరవం. వాళ్ళకిది నోంబు పెరునాళ్. ఆంధ్రాలో దూదేకులవాళ్ళ ఇంటి భాష తెలుగే, వాళ్ళూ చేసుకునేది ఈ రంజానే. అక్కడ హైదరాబాదులో హలీం, ఇక్కడ మనకు కంజి. బియ్యం, పెసరపప్పు, మెంతులు, కొబ్బరిపాలు వేసి కాచే ఆ కంజి కోసం చిన్నప్పుడు మేమూ సొంబు పట్టుకుని నిలబడ్డాం. గరిటె పట్టినాయన మా మతం అడగలేదు, భాషా అడగలేదు.

తిరువల్లిక్కేణి వాలాజా మసీదు 1795 నాటిది. అక్కడ ఏళ్ళ తరబడి ఇఫ్తార్ వడ్డిస్తున్నది మైలాపూరు సూఫీదార్ మందిరం సింధీలు. దేశం రెండు ముక్కలైనప్పుడు ఊరు పోగొట్టుకున్న జనం వాళ్ళు. వాళ్ళు వడ్డిస్తుంటే, తరతరాలుగా ఇక్కడే ఉన్న మనం వాకిలి మూస్తామా?

పెరునాళ్ నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చేయాలని వాళ్ళ నియమం. పేదవాడు ఆ పూట పస్తుండకూడదు. మన ఉగాది భోజనం చందా కట్టినవాళ్ళకే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

హాలు మన డబ్బుతో కట్టింది అంటారు. అవును, అందులో మా పెన్షన్ డబ్బూ ఉంది. అందుకే అడుగుతున్నాం.

2006లో తమిళం నిర్బంధం చేస్తూ చట్టం వచ్చింది. మన పిల్లలకు తెలుగు ఉండనివ్వండని మనవాళ్ళు సర్కారును బతిమాలారు. ఉర్దూ బడులవాళ్ళూ తమ భాష కోసం అదే అడిగారు. అరవ బడిలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కున్న మాకు ఆ బాధ తెలుసు. మన భాషకు చోటిమ్మని పదిమందినీ అడిగే మనం, పక్కింటి కంజి కుండకు ఒక గంట చోటివ్వలేమా?

వచ్చే మీటింగులో తీర్మానం మళ్ళీ పెట్టండి. మేం ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తుతాం. కాదనేవాళ్ళు కారణం అందరి ముందూ చెప్పాలి.