సంబంధములకై దాచు రోగములు

చెప్పుకొన్న మానము పోవును, చెప్పకున్న ప్రాణము పోవును అని మనలో ఒక సామెత కలదు. రెండును నష్టములే యని సామెత పుట్టించినవాని యభిప్రాయము. మన గృహస్థులు మాత్రము మానమును నిలుపుకొని ప్రాణమును వదలుకొనుటయే లాభమైన బేరమని నిశ్చయించుకొన్నారు. ఆ ప్రాణము వారిదే యైనచో మాకు వారితో వాదము లేదు. అది 14, 16 ఏండ్ల పిల్లలది. తమ రోగమును చెప్పవలెనో దాచవలెనో నిర్ణయించు నధికారము లేని పిల్లల ప్రాణమిచ్చి పెద్దలు మానము కొనుచున్నారు. ఈ బేరమునే మేము నిరసింపదలచినాము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒక్క రైలుమార్గముపై నున్న పట్టణములు. వెనుక అనంతపురము జిల్లాలో నుండి, 2022 వ సంవత్సరము ఏప్రిలు 4 వ తేదీ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. మూడింటను ప్రభుత్వ వైద్యశాల లున్నవి. ధర్మవరమునకు చేరువనే బత్తలపల్లిలో ఆర్.డి.టి. వారి పెద్ద ఆసుపత్రి కలదు. పుట్టపర్తిలో 1991 లో వెలసిన ధర్మవైద్యశాల కలదు. అదియు చాలనివాడు హిందూపురమున రైలెక్కి రెండుమూడు గంటలలో బెంగుళూరు చేరవచ్చును. కఱవు నేల యని పేరుపడిన ఈ సీమకు వానలు కొఱత, నీరు కొఱత. వైద్యశాలలు మాత్రము వెనుకటి తరమువారు కలనైన నెఱుగనన్ని వచ్చినవి. అయినను వైద్యులు మాటిమాటికి చెప్పు మాట ఒక్కటే: "ఆలస్యముగా తెచ్చినారు." ఆ యాలస్యము చాలవఱకు దారిలో జరుగునది కాదు. గడప దాటకమునుపే జరుగుచున్నది.

పాఠశాలలో మేము దినదినము చూచు విషయముతోనే యారంభింతము. ప్రార్థనవేళ కన్నులు తిరిగి కూలబడు బాలికలు, మధ్యాహ్నపు తరగతిలో బల్లపై తల వాల్చు బాలికలు, మెట్లెక్కిన నాయాసపడు బాలికలు ప్రతి పాఠశాలలో నున్నారు. ఇంటివారు దీనికి సోమరితన మని పేరు పెట్టినారు. వైద్యశాస్త్రము పెట్టిన పేరు రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 19 ఏండ్లవఱకు గల బాలికలలో నూటికి 60 మందికి ఈ రోగ మున్నది. నూటికి 60 మంది ఇండ్లు తగులబడిన నది ఊరి యుపద్రవ మందుము. నూటికి 60 మంది కూతుళ్ల నెత్తురు పలుచబడిన నది "ఆడపిల్లలకు సహజమే" యనుచున్నాము!

దీనికి మందు లేకపోలేదు. బడిలోనే వారమునకొక నీలిరంగు మాత్ర యిత్తురు. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము నుండును. ఏటేట ఫిబ్రవరి 10 వ తేదీని, ఆగస్టు 10 వ తేదీని నులిపురుగుల మాత్రయు నిత్తురు. ఈ మాత్రలలో నెన్ని కడుపులోనికి పోవునో, ఎన్ని బడిగోడ వెనుక పాఱవేయబడునో గోడల నడుగవలెను. ఏమన, ఇంటిలో అవ్వ చెప్పినది: "ఇంగ్లీషు మాత్ర వేడి చేస్తుంది, పారేయ్." ఆ యవ్వకు తెలియదు గాని, పాండురోగమునకు లోహమును, ఇనుప చిట్టెమగు మండూరమును చరకుడే చికిత్సాస్థానమున విధించియున్నాడు. ఇనుము ఇంగ్లీషువారి సొత్తు కాదు. మాత్ర మింగినపుడు కొందఱికి వికారము కలుగును, మలము నల్లబడును. భోజనానంతరము మింగిన వికారము తగ్గును, నలుపువలన హానిలేదు. మింగినవెంటనే టీ త్రాగరాదు, టీ ఇనుమును దేహమున కంటనీయదు. నిమ్మరసమో ఉసిరికాయయో మేలు చేయును. ఇంతమాత్రము తెలిసికొనుటకు పండితుడు కానక్కఱలేదు.

అయితే మాత్రపై గల యనుమానము చిన్న శత్రువు. పెద్ద శత్రువు వేఱొకటి యున్నది. ఒక బాలికకు నెలసరి పదిదినములైనను ఆగదు. ఏడుదినములు మించిన వైద్యునికి చూపవలసినదే. తల్లితో ఆ మాట చెప్పిన, ఆమె నాలుగువైపుల చూచి, గొంతు తగ్గించి ఏమనును? "సారూ, ఆసుపత్రికి తీసుకుపోతే ఊరంతా తెలుస్తుంది. రేపు పిల్లకు సంబంధం రాదు." చూచితిరా, చదువరులారా! బిడ్డకు జబ్బు వచ్చినదని కాదు వెఱపు. జబ్బున్నదని తెలిసిపోవునని వెఱపు. మన యిండ్లలో పెండ్లికాని పిల్ల దేహము వైద్యునికి చూపుటకు కాదు, పెండ్లిచూపులకు మాత్రమే యున్నది.

మూర్ఛరోగమును చూడుడు. దాపఱికము చేయు హత్యలకు దీనికంటె మంచి నిదర్శనము లేదు. పిల్లకు మూర్ఛ వచ్చిన ముక్కున ఉల్లిపాయ పెట్టుదురు, చేతిలో తాళపుచెవి పెట్టుదురు, తాయెత్తు కట్టుదురు, వైద్యునికి మాత్రము చూపరు. సరియైన మందులు క్రమముగా వాడిన నూటికి 70 మందివఱకు మూర్ఛలు లేక బ్రదుకగలరని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒకవేళ చూపి మందులు వాడించినను, పెండ్లినాడు ఆ మందుల పొట్లమును పుట్టింటనే వదలివచ్చునట్లు చేయుదురు. అత్తవారికి తెలియరాదు గదా! ఆ పిల్ల మందు మాని, పొయ్యియొద్దనో బావియొద్దనో మూర్ఛిల్లి పడును. అప్పుడు తెలియని వారందఱికి తెలియును. అంతియ కాదు. మూర్ఛకు వాడు మందులలో కొన్ని గర్భస్థశిశువునకు హానికరములు. గర్భము దాల్చకమునుపే వైద్యుడు వానిని మార్పవలెను. దాచిన యిల్లు ఆ యవకాశమునుగూడ పోగొట్టును. 1955 నాటి హిందూ వివాహ చట్టమున మూర్ఛరోగము వివాహమునకు ఒక యడ్డంకిగా నుండెను. 1999 లో పార్లమెంటు ఆ మాటను చట్టమునుండి తొలగించినది. చట్టము విడిచిన భయమును మన యరుగులు విడువలేదు.

రోగము దాచుట చాలక, కొందఱు పెండ్లినే మందుగా ప్రయోగింతురు. నెలసరి సరిగా రాకున్న "పెండ్లైతే చక్కబడును." మనస్సు చెడి యొంటరిగా కూర్చున్న "పెండ్లైతే చక్కబడును." ఇట్టి సర్వరోగనివారిణి ధన్వంతరికి తోచకపోవుట మానవజాతి దురదృష్టము! పై సర్వేయే ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే వివాహ మైనదని తేల్చినది. కేరళమున ఈ సంఖ్య నూటికి 6. మన రాష్ట్రమున 15 మొదలు 19 ఏండ్లవారిలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో గర్భిణులో యైయున్నారు. ఇరువది దాటిన తల్లులకంటె ఈ వయసు తల్లులకు గుఱ్ఱపువాతమును ప్రసవానంతర జ్వరములును హెచ్చు. నెత్తురులేని పిల్లకు ప్రసవమున నెత్తురు పోయిన నింక మిగులున దేమి? ధర్మవరపు మగ్గములపై నేసిన పట్టుచీర దేశమున నెల్ల పెండ్లికూతుళ్లకు శోభ నిచ్చుచున్నది. ఎంత దట్టమైన జరీ యంచైనను దాని క్రింది పాండురోగమును కప్పజాలదు.

"మన శాస్త్రము, మన సంప్రదాయము" అని ఇచ్చట కొందఱు లేతురు. వారికి శాస్త్రముతోనే బదులు చెప్పెదము. సుశ్రుతసంహిత శారీరస్థానమున 16 ఏండ్లు నిండని స్త్రీయందు, 25 ఏండ్లు నిండని పురుషునివలన గర్భము నిలిచిన, ఆ శిశువు కడుపులోనే నశించునని, పుట్టినను చిరకాలము జీవింపదని, జీవించినను దుర్బలేంద్రియుడగునని స్పష్టముగా నున్నది. వేలయేండ్ల నాటి వైద్యుడు గ్రహించిన దానిని శాసనముగా జేయుటకు మనకు నూఱేండ్లు పట్టినది. 1889 లో కలకత్తాలో ఫుల్మణి యను పదునొకండేండ్ల బాలిక భర్తచేతనే మరణింపగా, 1891 లో సమ్మతి వయస్సు 10 నుండి 12 కు పెరిగెను. శారదా చట్టము 1930 ఏప్రిలు 1 వ తేదీనుండి పెండ్లి వయస్సును బాలికలకు 14 చేసెను. 1978 లో అది 18 ఆయెను. 2006 నాటి చట్టము బాల్యవివాహము చేయించువారికి రెండేండ్లవఱకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవఱకు జుల్మానాయు విధించినది. చట్టములకు కొఱతలేదు. ఆధారు కార్డులో పుట్టినతేదీ మార్పించు తెలివితేటలకును కొఱతలేదు.

"మా యవ్వ 13 ఏండ్లకు కాపురమునకు వచ్చి తొమ్మండ్రను కన్నది, ఎనుబదియేండ్లు బ్రదికినది" అనువారు ప్రతి వీధిలో నున్నారు. బ్రదికిన యవ్వ సాక్ష్యము చెప్పుచున్నది, నిజమే. తొలికాన్పున పోయిన యామె చెల్లెలి సాక్ష్య మెవరు తెత్తురు? ఆ తొమ్మండ్రలో నెందఱు దక్కిరో కూడ అవ్వనే అడుగుడు.

బాలుర స్థితి మేలని తలపకుడు. బస్సుస్టాండు గోడలను చూడుడు: "రహస్యరోగములకు గ్యారంటీ చికిత్స, ప్రతి నెల ఫలాన తేదీన ఫలాన లాడ్జిలో." ఈ గోడలు ఎవరి డబ్బుతో బ్రదుకుచున్నవి? తండ్రితో చెప్పలేక, బడిపంతులతో చెప్పలేక, దేహమున సహజముగా వచ్చు మార్పునే రోగమని భ్రమించి, పాకెట్టు ఖర్చులు దాచి లాడ్జి మెట్లెక్కు కుఱ్ఱవాని డబ్బుతో. అతనికి రోగము లేకున్న డబ్బే పోవును. నిజముగా రోగమున్న ఆ లేహ్యములు తినుచుండగా కాలము పోవును. ఎయిడ్సు విషయమున ఈ కాలహరణమే ప్రాణాంతకము. పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితము, 2004 నుండి మందులును ఉచితము. మందులు వేళకు వాడినవారు దీర్ఘకాలము బ్రదుకుచున్నారు. 2017 నాటి చట్టము రోగి వివరములను బయటపెట్టుటను నిషేధించినది. లాడ్జి వైద్యుడు రహస్యమని వ్రాసికొనును. నిజమైన రహస్యమును చట్టము ఆసుపత్రిలో నుంచినది.

"ఇవి యన్నియు చెప్పిన పిల్లలు చెడిపోవుదురు" అనుట మఱియొక వాదము. మా తోటి ఉపాధ్యాయులలో గొందఱు జీవశాస్త్రమున ఈ విషయములు వచ్చినపుడు "ఇది ఇంటియొద్ద చదువుకొనుడు" అని పుటలు త్రిప్పుదురు. ఇంటియొద్ద ఎవరును చెప్పరు. ఇంటిలో మూసిన నోటికి బదులు జేబులోని ఫోను నోరు తెఱచియున్నది. పిల్లలు తెలిసికొనకుండుట మన చేతిలో లేదు. మంచివారివలన తెలిసికొందురా, నీచులవలన తెలిసికొందురా యనునది మాత్రమే మన చేతిలో నున్నది.

చట్టముకూడ తాళపుచెవిని తలిదండ్రులకే యిచ్చినది. 18 ఏండ్లు నిండనివారికి గర్భవిచ్ఛిత్తి చేయవలెనన్న సంరక్షకుల వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. అట్టి బాలిక విషయమున పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము వైద్యుని విధి. ఆ భయముతోనే అనేకులు గడప దాటక మంత్రసానుల పాలగుచుండిరి. 2022 సెప్టెంబరు 29 వ తేదీన సుప్రీంకోర్టు, బాలికయు సంరక్షకులును కోరినచో వైద్యుడు ఆ తెలుపుటలో ఆమె పేరు, వివరములు వెల్లడింపనక్కఱలేదని తీర్పు చెప్పినది. ఈ తీర్పు నెఱిగిన తండ్రులెందఱు? న్యాయస్థానము మానమునకు కాపు పెట్టినది. ఇక ప్రాణమునకు కాపు తండ్రియే.

బీదతనమును మేము మఱచిపోలేదు. మగ్గము గుంటలో కూర్చుండు నేతగానికి ఒకదినము ఆసుపత్రి వరుసలో నిలిచిన ఆనాటి కూలి పోవును. పెద్దలు బెంగుళూరు కూలిపనులకు పోగా, పిల్లలు అవ్వతాతల పంచనుండు పల్లెలనేకములు. స్త్రీవైద్యురాలు లేనిచోట, నలుగురి యెదుట "ఏమి జబ్బు?" అని గద్దించి యడుగుచోట ఆడపిల్ల నోరు మెదపదు. ప్రతి ప్రభుత్వాసుపత్రిలో యౌవనవయస్కులకు వేఱు గది, వేఱు వేళ, ఆడవారికి ఆడవైద్యురాలు ఉండవలెనని ప్రభుత్వమును నిలదీయుదము. కాని పెండ్లికి అప్పుచేసి పందిరి వేయు నింట, రక్తపరీక్షకు తీరికలేదనుట బీదతనము కాదు.

గృహస్థులారా! మేము కోరునవి పెద్దవి కావు. 10 ఏండ్లు దాటిన ప్రతి బిడ్డకును ఏటికొకమాఱు రక్తపరీక్ష చేయింపుడు. బాలికకు 12 గ్రాములు తగ్గిన ఊరకుండకుడు. వైద్యుని గదిలో కొంతసేపు బిడ్డను ఒంటరిగా మాటాడనిండు. మీ యెదుట చెప్పలేనిది అక్కడ చెప్పును. మనస్సు చెదరిన బిడ్డకు 14416 అను టెలీమానస్ సంఖ్యను ఇంటి గోడపై వ్రాయుడు. సంబంధము చూడవచ్చినవారితో రోగమును దాచక చెప్పుడు. ఆ మాట విని లేచిపోవువారు పోవుటయే మీకు లాభము. పెండ్లియైన పిమ్మట తెలిసికొని బిడ్డను పుట్టింట దింపిపోవువారు వారే.

మానము రోగమున లేదు, దాపఱికమున లేదు. కన్న బిడ్డకు మందు పెట్టించని యింటికి మానమన్నది యెచ్చటనుండి వచ్చును?